బాపట్లనుండి రేపల్లెకు

మొన్న బాపట్లలో రైలెక్కి, తెనాలిలో బండి మాఱి రేపల్లెకుఁ బోయితిమి. వెంట మా మఱిది కుమారుఁడు. కొండబాటలఁ బరుగుపందెములాడి ధనమార్జింతునని వాని పట్టు. తల్లికిఁ గంటి తడి యాఱదు.

ఈ తెనాలి-రేపల్లె యినుపదారి 1916లోఁ బడినది. అట్టి దారులు లేని యూళ్లకుఁ బూర్వము తపాలా సంచులను రన్నర్లే పరుగున మోసెడివారు. చేత గజ్జెలు కట్టిన యీటె. ఆ సవ్వడికి మృగములు తొలఁగును. గెలుపోటములతోఁ బనిలేదు, నెలకు జీతము. నేఁటి పందెములలోనో, ముందుగా మనమే రుసుము కట్టవలెను; బహుమానము మొదటి కొందఱికే.

ఈ మాటయే యనఁగా వాఁడు, “దొడ్డమ్మా! పదిమందికిఁ బరుగు నేర్పి జీతము పుచ్చుకొందు”ననెను. నేర్పువాని రాఁబడి బడిపంతులు భార్యకుఁ దెలియదా! నవ్వి యూరకుంటిని.

రేపల్లెలో దిగి మేము ఆటో కుదుర్చుకొనునంతలో, వాఁడు తన సంచి నా చేతఁ బెట్టి పరుగెత్తెను.