ఒడ్డున చేయవలసిన పని



పేతురు అంద్రెయలు వల విసరుచుండగా ప్రభువు వారిని పిలిచెను. యాకోబు యోహానులనైతే పడవలో చిరిగిన వలలకు ముడులు వేయుచుండగా పిలిచెను. సువార్తికుడు ఈ రెండవ సంగతిని చిన్నదని విడిచిపెట్టలేదు. వల విసరుట అందరికిని కనబడు పని. వల బాగుచేయుట ఎవరును మెచ్చుకొనని పని. అయినను రెండవది లేనిదే మొదటిది సాగదు. నేడు మన తీరమున వలతోపాటు బాగుచేసికొనవలసినది మరియొకటి కలదు. అది తెప్ప వెనుక తగిలించు చిన్న ఇంజను. ఈ మాసమున దానిని గూర్చియే మీతో మాటలాడగోరుచున్నాను.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరము కలదు. విజయనగరం జిల్లాకు పూసపాటిరేగ, భోగాపురం మండలములలో సుమారు 28 కిలోమీటర్లు కలదు. బారువలోను, భావనపాడులోను, కళింగపట్నంలోను, చింతపల్లిలోను మనవారు తెప్పలను ఇసుకమీదికే లాగుకొందురు. కెరటములను దాటి పోవలెను. మరల కెరటముల మీదుగానే ఒడ్డు చేరవలెను. అందుచేత లోతు తగ్గినప్పుడు పైకెత్తుటకు వీలుగా, ఇద్దరు మోయగలిగినంత బరువుగా ఉండు ఇంజను ఇక్కడ పనికివచ్చును. పొడవైన ఇనుప తోకగల డీజిలు ఇంజనులును కలవు గాని, నేను చెప్పబోవునది పాతకాలపు రెండు స్ట్రోకుల ఇంజనులను గూర్చి. వాటిలో కొన్ని పెట్రోలుతో నడచును. కొన్ని పెట్రోలుతో మొదలై కిరసనాయిలుతో సాగును.

ఇట్టి ఇంజనును 1909లో అమెరికా దేశపు మిల్వాకీ పట్టణమున అమ్మకమునకు తెచ్చి పేరుపొందినవాడు ఓలే ఎవిన్‌రూడ్. అతడు నార్వే దేశమున పుట్టి, పసితనముననే తల్లిదండ్రులతో వలస పోయినవాడు. జపాను దేశపు యమహా కంపెనీ పడవలకు తన మొదటి ఇంజనును 1960లో చేసెను. ఎవిన్‌రూడ్ పేరుగల ఇంజనుల తయారీ 2020లో నిలిచిపోయెను. అయినను శ్రద్ధగా చూచుకొన్న ఇంజను, దానిని చేసిన కార్ఖానా మూతబడిన పిమ్మట కూడ నడచును. చూడని ఇంజను కొద్ది ఏండ్లకే పాత ఇనుము కొట్టుకు పోవును.

నేను యంత్రవిద్య నేర్చినవాడను కాను. నా చదువు వేదాంత పాఠశాలలోనిది. అయితే సముద్రపు ఒడ్డున సంఘము గల కాపరి, తన జనుల ప్రాణములు దేనిమీద ఆధారపడియున్నవో తెలిసికొనకుండ ఉండజాలడు. నాకు దీని విలువ తెలిపిన సంగతి యొకటి చెప్పెదను.

కొన్నేండ్ల క్రిందట మార్గశిర మాసములో మా సంఘపువారి తెప్ప యొకటి ముగ్గురు మనుష్యులతో వేటకు పోయెను. మధ్యాహ్నమునకు తక్కిన తెప్పలన్నియు వచ్చెను, అది రాలేదు. ఫోను పలుకలేదు. ప్రొద్దుగ్రుంకిన తరువాత రెండు తెప్పలు వెదకబోయి వట్టిచేతులతో మరలివచ్చెను. ఆ రాత్రి మేము ఇసుకమీదనే కూర్చుంటిమి. ప్రార్థించితిమి. స్త్రీలు ఏడ్వలేదు, ఏడ్చినయెడల కీడు నిజమగునేమో అన్నట్లు నోరు మెదపక నీటివైపు చూచుచుండిరి. మరునాడు ప్రొద్దెక్కిన పిమ్మట దక్షిణముననున్న వేరొక ఊరివారు ఆ తెప్పను త్రాటితో లాగుకొని వచ్చిరి. ముగ్గురును బ్రదికియుండిరి. తెడ్లు వేసి వేసి ఒకని అరచేతులు పుండ్లు పడియుండెను.

మిస్త్రీ ఇంజను విప్పి చూచెను. సముద్రపు నీటిని పైకిలాగి ఇంజనును చల్లబరచు రబ్బరు చక్రము ఒకటి లోపల ఉండును. దాని రెక్కలలో మూడు విరిగి పోయియుండెను. నీరు ఎక్కక, ఇంజను కాగి, పిస్టను పట్టివేసెను. ఆ రబ్బరు చక్రము వెల కొన్ని వందల రూపాయలు. ఇంజను వెల లక్షకు పైమాట. మూడు ప్రాణముల వెల ఎవడు కట్టగలడు?

తెప్ప యజమాని తలవంచుకొని నాతో అనెను: “నీరు సన్నగా వస్తందని మూడ్రోజులుగా చూస్తన్నానండీ అయ్యగారూ. రేపు చూద్దాంలే అనుకున్నాను. చేప బాగా పడతంది గదా.”

ప్రక్కనే నిలిచిన అతని భార్య అనెను: “చేప పడతందని ఇంజన్ని చూళ్లేదు. మమ్మల్నీ చూళ్లేదు.”

చదువరులారా, ఆ యిల్లాలి మాటకు నేను ఏమియు చేర్చలేదు. అటుపిమ్మట ఆ మిస్త్రీ యొద్ద నిలిచి నేను తెలిసికొన్న సంగతులు మీకు తెలుపుచున్నాను. తెప్ప గలవారు చదివి తమ ఇంజనుతో సరిచూచుకొందురు గాక. చదువురాని తండ్రికి కుమార్తె యొకతె చదివి వినిపించినను మేలే.

మొదటిది నీరు. ఇంజను నడచుచుండగా వెనుకనుండి సన్నని ధార యొకటి చిమ్ముచుండును. ఇంజను క్షేమముగా ఉన్నదని చెప్పు సాక్షి అదే. ధార సన్నగిల్లినచో ఆ పూటనే ఆపి చూడవలెను. ఒక్కొక్కప్పుడు ఇసుకయో నాచో అడ్డుపడియుండును. సన్నని తీగతో తీసివేసిన చాలును. ధార రాకున్నచో రబ్బరు చక్రమును చూడవలెను. మన తీరమున ఒడ్డుదగ్గర ఇసుక కలిసిన నీటిలోనే ఇంజను వేయు అలవాటు కలదు. ఆ ఇసుకయే రెక్కలను అరుగదీయును. కొంచెము తెడ్డువేసి లోతునకు పోయి వేయుట మేలు. ఒడ్డున నీరు లేకుండ ఇంజనును తిప్పి చూపుట మరియు కీడు. కొలది క్షణములలోనే ఆ రబ్బరు కాలి చెడును. వేటనుండి వచ్చిన పిమ్మట డ్రమ్ములో మంచినీళ్లు పోసి, అందులో ఇంజనును కొన్ని నిమిషములు నడపినచో లోపలి ఉప్పు కడుగబడును. ఉప్పు ఒక్క దినములో చంపదు. పేరుకొని దారులు మూసి చంపును.

రెండవది నూనె. ఈ ఇంజనుకు వేరుగా నూనె తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే దాని ప్రాణము. పుస్తకములో 50కి 1 అని యున్నచో లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. 25కి 1 అని యున్నచో 40 మిల్లీలీటర్లు. తగ్గించినచో పిస్టను పట్టివేయును. ఎక్కువ పోసినచో ప్లగ్గు మసిబారి నిప్పు రాదు. కంటికొలత మాని సీసాకు గీత పెట్టుకొనుడి.

మూడవది ప్లగ్గు. దానిని విప్పి చూచినచో ఇంజను లోపలి సంగతి తెలియును. ఎండిన ఇటుక రంగున ఉన్నచో క్షేమము. తడిగా నల్లగా ఉన్నచో నూనె ఎక్కువైనది, లేదా సరిగా మండుటలేదు. తెల్లగా కాలినట్లున్నచో ఇంజను మిక్కిలి వేడెక్కుచున్నది. పెట్రోలులోను కిరసనాయిలులోను నీరు చేరియుండవచ్చును. గాజుసీసాలో కొంచెము పోసి నిలకడగా ఉంచినచో నీరు అడుగునకు దిగి కనబడును.

నాలుగవది అడుగున పళ్లచక్రముల పెట్టెలోని నూనె. దానిని దించినప్పుడు పాలవలె తెల్లగా వచ్చినచో సముద్రపు నీరు లోపలికి చేరినదని ఎరుగుడి. దీనికి తరచుగా కారణము మన వలత్రాడే. తెగిన నైలాను పోగు పంకా వెనుక ఇరుసుకు చుట్టుకొని లోపలి రబ్బరు సీలును కోయును. కావున అప్పుడప్పుడు పంకా తీసి చూడవలెను. నూనె పోయునప్పుడు క్రింది రంధ్రమునుండి ఎక్కించి, పై రంధ్రమున పొంగువరకు పోయవలెను. అట్లైన లోపల గాలి నిలువదు.

అయిదవది పంకాను పట్టియుంచు చిన్న చీల. చాల పాత ఇంజనులలో ఇది కలదు. పంకా రాతికి తగిలినప్పుడు తాను విరిగి లోపలి పళ్లచక్రములను కాపాడుటకే దానిని మెత్తని లోహముతో చేసిరి. అది మాటిమాటికి విరుగుచున్నదని కొందరు ఉక్కు మేకు కొట్టుదురు. అప్పుడు మేకు విరుగదు, ఇంజను విరుగును. అడుగున తగిలించిన జింకు ముక్కయు అట్టిదే. ఉప్పునీరు దానిని తినుచున్నంతకాలము అల్యూమినియమును తినదు. దానికి రంగు పూయరాదు. సగము అరిగినచో మార్చవలెను. ఇతరులు నిలుచునట్లు తాము అరిగిపోవువారు ప్రతి యింటను ఒకరుందురు. వారిని గూర్చి తలంచుటకు ఈ ముక్క చాలును.

ఇక నీట మునిగిన ఇంజను మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు మన జిల్లా తీరమున తెప్పలును వలలును విస్తారముగా నష్టమాయెను. మునిగిన ఇంజనును పైకితీసి ఎండబెట్టుట తగదు. గాలి తగిలిన క్షణమునుండి త్రుప్పు మొదలగును. వెంటనే మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి, త్రాడు మెల్లగా లాగి నీరు వెళ్లగొట్టి, లోపల నూనె పోసి, ఆ పూటనే నడపవలెను. ఇసుక చేరినను, నడచుచుండగా మునిగినను త్రాడు లాగక మిస్త్రీ యొద్దకు కొనిపోవలెను.

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మన తూర్పుతీరమున ఇంజను పడవలకు వేట నిషేధము కలదు. చేపలు గ్రుడ్లుపెట్టి వృద్ధిపొందుటకు ఏర్పరచిన కాలమది. ఈ కాలపు భృతిని కుటుంబమునకు 20,000 రూపాయలుగా 2025 ఏప్రిల్ 26న ఎచ్చెర్ల మండలము బుడగట్లపాలెములో ముఖ్యమంత్రి పంచిపెట్టుట ఆరంభించెను. రెండు నెలల బియ్యమునకును, పాత అప్పునకును, పిల్లల బడి ఖర్చులకును అది ఎంతవరకు వచ్చునో నేనెరుగుదును. అయినను అందులోనుండి ఒక రబ్బరు చక్రము, రెండు ప్లగ్గులు, పళ్లచక్రముల నూనె, నాలుగు చీలలు, వీటి వెల మొదట తీసి వేరుగా ఉంచుడని బ్రతిమాలుచున్నాను. ఇంజనుకు ఈ 61 దినములును విశ్రాంతి దినములు. దానిని ఉప్పుతోనే మూలను పడవేయక, కడిగి, కార్బ్యురేటరులోని పెట్రోలు దించి, ప్లగ్గు రంధ్రమున కొంచెము నూనె పోసి, గ్రీజు పెట్టి, నిలువుగా ఉంచవలెను. జూను 15 తెల్లవారుజామున అందరును ఒక్కసారిగా బయలుదేరు గడియలో మిస్త్రీకి తీరిక యుండదు.

బుద్ధిలేని కన్యకలు నూనె కొనుటకు పోయిరి గదా. కొనుట తప్పుకాదు. పోయిన గడియ తప్పు. మనలో అనేకులము చెడ్డవారము కాము. “రేపు చూద్దాంలే” అనువారము మాత్రమే. మెట్ట ప్రాంతపు సహోదరులారా, మీకు తెప్ప లేకపోవచ్చును. నూతి మోటారు తీగకు చుట్టిన గుడ్డపేలికను, బండి ఇరుసు చీలను, బడి పైకప్పును, మాటలు నిలిచిపోయిన అన్నదమ్ముని గుమ్మమును తలంచుకొనుడి. సన్నగిల్లిన ధార మీ యింటను ఎక్కడనో కలదు.

సముద్రమున ఉన్నవారికొరకు ఒడ్డున ప్రార్థించుట మానవద్దు. అయితే ప్రార్థించు చేయి, పానా కూడ పట్టవలెను. తెప్పలో అదనపు ప్లగ్గు, చీల, పానా, త్రాడు, తెడ్లు, తాగునీరు ఉన్నవో లేవో, భార్యలారా, బయలుదేరకముందే అడుగుడి. తల్లులారా, అడుగుటకు సిగ్గుపడకుడి. విసుగుకొందురు, విసుగుకొననియ్యుడి. మధ్యాహ్నమునకు తెప్ప వచ్చును.