లాభం ఒకరిది, పూచీ ఎవరిది?

చలి ముదిరింది, మంట దగ్గరికి జరగండి. ఈ మధ్య మన నందికొట్కూరులో టీ అంగడి దగ్గర కూడా అమెరికా రాజకీయాలే. పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో ఉన్న ఇళ్లలో వీసా మాట వస్తే అన్నం సహించదు. అందరూ అడిగేది ఒకటే. ‘వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకూడదు అనే పార్టీవాళ్లే సరుకు మీద సుంకం వేయాలంటారు, బయటి మనిషి రాకూడదంటారు. ఇదెక్కడి న్యాయం?’

అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం వాషింగ్టన్ దాకా తర్వాత పోదాం, ముందు మన కేసీ కెనాల్ గట్టెక్కుదాం.

సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, కర్నూలు నుంచి కడప దాకా మూడొందల కిలోమీటర్ల పొడవున తవ్విన కాలువ అది. 1860లలో దాన్ని తవ్వింది సర్కారు కాదు, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషువాళ్ల ప్రైవేటు కంపెనీ. పొలాలకు నీళ్లు అమ్మాలి, పడవలు నడపాలి, లాభాలు తీయాలి, ఇదీ లెక్క. ఇంగ్లండులో స్వేచ్ఛా వాణిజ్యం మాట మార్మోగుతున్న కాలమది. ఆ మాట చెప్పిన ప్రభుత్వమే కంపెనీ పెట్టుబడికి నూటికి 5 వంతున వడ్డీ గ్యారంటీ రాసిచ్చింది. కాలువ సంపాదించినా, సంపాదించకపోయినా లండన్‌లో వాటాదారు చేతికి ఆ 5 చేరాల్సిందే. చెల్లించేది ఖజానా. ఖజానా నింపేది శిస్తు కట్టే రైతు.

కాలువలోకి నీళ్లొచ్చాయి గానీ కొనేవాళ్లు రాలేదు. ఎందుకో నల్లరేగడి దున్నినవాళ్లకు నేను చెప్పాలా? మంచి వాన పడితే రేగడి ఆ తేమను కడుపులో దాచుకొని జొన్నను గట్టెక్కిస్తుంది. దాని మీద కాలువ నీళ్లు వదిలితే కాలు దిగబడుతుంది, నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. మన రైతు తన నేల తనకు తెలుసు కాబట్టి, డబ్బిచ్చి నీళ్లు పెట్టుకోనన్నాడు. 1876-78 నాటి ధాత కరువులో మాత్రం నీళ్లకోసం ఎగబడ్డారు. ఆ తర్వాత మళ్లీ మామూలే. కంపెనీ నిలదొక్కుకోలేకపోయింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది.

ఇక్కడ మార్కెట్‌ తీర్పును నిజంగా పాటించింది ఎవరో చూశారా? సరుకు అక్కర్లేదు, కొననన్న రైతు. లాభం వస్తే తమది, రాకపోతే ప్రజలది అన్నవాళ్లు కాదు.

సరే, మన పెద్దల దగ్గరికి వద్దాం. ‘లైసెన్స్-పర్మిట్ రాజ్’ పోవాలని 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టారు. తొలి అధ్యక్షుడు మన నిడుబ్రోలు ఎన్.జి. రంగా. సహకార వ్యవసాయం పేరుతో రైతు భూమి మీద రైతుకు పట్టు పోతుందని భయపడి రంగా పోరాడారు. 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచి అతిపెద్ద ప్రతిపక్షమైన పార్టీ అది. ఆ రాజాజీయే మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1938లో చట్టం చేసి రైతుల అప్పులు తగ్గించారు. అదే ఏడాది కడప, చిత్తూరు జిల్లాల్లో మద్యనిషేధం పెట్టారు. 1952లో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాక ఆహార ధాన్యాల మీద కంట్రోళ్లు ఎత్తేశారు. అప్పుపత్రంలో సర్కారు జోక్యం కావాలి, కల్లుముంతలో కావాలి, బియ్యం బస్తాలో వద్దు. రంగా కూడా అంతే. రైతు పొలంలోకి సర్కారు రావద్దన్నారు, గిట్టుబాటు ధర మాత్రం రైతు హక్కన్నారు.

ఇప్పుడు అమెరికా పోదాం. అరిజోనా మనలాంటి ఎండుసీమ. అక్కడి సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్ ఫెడరల్ ప్రభుత్వాన్ని తగ్గించాలంటూ 1964లో అధ్యక్ష పదవికి పోటీ చేసి, లిండన్ జాన్సన్ చేతిలో ఓడిపోయారు. కొలరాడో నది నీళ్లను అరిజోనాకు తెచ్చే 540 కిలోమీటర్ల కాలువకు మాత్రం ఆయన మద్దతిచ్చారు. అది ఫెడరల్ సొమ్ముతో కట్టేదే. 1968లో ఆ చట్టం మీద సంతకం పెట్టింది జాన్సనే. దాహం ముందు సిద్ధాంతం ఎక్కడైనా తల వంచుతుంది, అందులో తప్పు లేదు. ఇంకా దగ్గరి ముచ్చట కావాలా? 2018లో ట్రంప్ చైనా సరుకుల మీద సుంకాలు వేస్తే, చైనా అమెరికా సోయాబీన్ మీద 25 శాతం వేసింది. దెబ్బతిన్న రైతులకు ఆ ఏడాది 1,200 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది 1,600 కోట్ల డాలర్లు సాయం ప్రకటించారు. ఆ డబ్బు పన్ను కట్టేవాళ్లదే.

అసలు గోల్డ్‌వాటర్, ట్రంప్‌ల పార్టీలో ఒకే బండికి కట్టిన రెండు ఎద్దులున్నాయి. ఒకటి కుటుంబం, మతం, కట్టుబాటు నిలవాలంటుంది. రెండోది బేరసారాలకు అడ్డు ఉండకూడదంటుంది. ‘నేషనల్ రివ్యూ’ పత్రికలో ఫ్రాంక్ మేయర్ ఈ రెంటినీ కలిపి నడపాలని చూశాడు. స్వేచ్ఛా మార్కెట్‌కు పెద్ద దిక్కయిన హయెక్ మాత్రం తాను సంప్రదాయవాదిని కానని 1960లోనే వ్యాసం రాశాడు. సరుకులు స్వేచ్ఛగా తిరిగితే ఊళ్లు మారతాయి, మనుషులు కదులుతారు, పాత కట్టుబాట్లు సడలుతాయి. మన పిల్లల వీసా ఆ రెండు ఎద్దుల మధ్యే ఇరుక్కుంది.

అలాగని స్వేచ్ఛ మాట బూటకమని నేను అనను. తన పంట తనకు నచ్చినచోట, నచ్చినవాడికి అమ్ముకునే హక్కు రైతుకు ప్రాణంతో సమానం. రాజాజీ, రంగా చెప్పిన ఆ మాట నేటికీ విలువైనదే. కరువు, అప్పు, ధర పడిపోవడం లాంటి ఒక్కడు మోయలేని బరువును సమాజం పంచుకోవాలన్నదీ అంతే విలువైన మాట. ఆ రెంటికీ వైరం లేదు. బలవంతుడు తన నష్టాన్ని బలహీనుడి నెత్తిన పెట్టి, దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టినప్పుడే అన్యాయం.

కాబట్టి ఈసారి ఎవరైనా, అక్కడైనా ఇక్కడైనా, సర్కారు తప్పుకోవాలన్నారనుకోండి, ఒక్క మాట అడగండి: ముందు ఎవరి గ్యారంటీ తీసేస్తారు? వాటాదారుడి 5 శాతమా, రైతు మద్దతు ధరా? ఆ జవాబులోనే వాళ్ల సిద్ధాంతం మొత్తం బయటపడుతుంది.