లెక్క చెక్కిన రాయి

సింహాచలము కొండ దిగువ అడవివరములో, సంపెంగల వాసన వీధి చివర వరకు వచ్చు సాయంకాలములలో, మా నాన్నగారు క్యాంపు నుండి తిరిగి వచ్చి, కాళ్లు కడుగుకొని, భోజనము ముగించిన పిదప గోడవారగా చాప పరచుకొని టి.ఏ. (ప్రయాణ భత్యపు) బిల్లు వ్రాయుట నా బాల్యమున నేను పదే పదే చూచిన దృశ్యము. ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తా. నెలకు పది పండ్రెండు దినములు చోడవరము, మాడుగుల, పాడేరు వైపు తిరుగవలసిన ఉద్యోగము. చొక్కా జేబులో భద్రపరచిన ఆర్టీసీ టిక్కెట్లను ఒక్కొక్కటిగా మోకాలిపై సాపు చేసి, తెల్లకాగితముపై తేదీల వరుసను పేర్చి, కంచము అంచున మిగిల్చిన నాలుగు మెతుకులను బొటనవ్రేలితో నలిపి వానిని అంటించెడివారు. పిదప కార్బను కాగితము పెట్టి, బయలుదేరిన వేళ, చేరిన వేళ, దూరము, ఛార్జీ అను గడులను గుండ్రని అక్షరములతో నింపెడివారు.

ఒక పర్యాయము పాడేరులో సాయంకాలపు బస్సు తప్పిపోగా, వేరొక శాఖవారి జీపులో ఆయన చోడవరము వరకు వచ్చిరి. బిల్లులో ఆ వరుసకు ఎదురుగా ఛార్జీ గడిని ఖాళీగా విడిచిపెట్టిరి. ఆనాడు మా అరుగుపై కూర్చున్న ఒక తోటి ఉద్యోగి తొంగిచూచి, "గురువుగారూ, చోడవరం దాకా బస్సు ఛార్జీ కూడా రాసేయండి. ఆ నాలుగు రూపాయలకి టిక్కెట్టు ఎవడడుగుతాడు? చూసేవాడెవడు?" అనెను. నాన్నగారు తల యెత్తకుండనే, "చూసేవాడు లేడనే కదయ్యా లెక్క రాయమన్నారు" అనిరి. ఆ మాట నాకు పూర్తిగా అర్థమగుటకు ముప్పది ఏండ్ల కాలమును, ఏడు సముద్రముల దూరమును కావలసివచ్చినవి.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్నునకు సుమారు 75 కిలోమీటర్ల దూరమున, సముద్రపు పాయ ఒడ్డున నున్న జీలాంగ్ పట్టణములో నేను ఇరువది ఏండ్లుగా నివసించుచున్నాను. ఓడరేవు, కర్మాగారములు, షిఫ్టు ముగించి భోజనపు డబ్బాలతో ఇండ్లకు మరలు కార్మికులు, ఈ మూడింటిని చూచి ఈ ఊరు మా విశాఖకు దూరపు చుట్టమని వచ్చిన తొలిదినములలోనే నాకు తోచినది. 2014 ఆగస్టులో ఇచటి పాయింట్ హెన్రీ అల్యూమినియం కర్మాగారము మూతపడినది. 2016 అక్టోబరుతో ఫోర్డు కర్మాగారము కూడ మూతపడునని అప్పటికే ప్రకటన వెలువడియుండెను. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అను నినాదమును గోడలపై చదువుచు పెరిగినవానికి, ఒక ఊరిలో కొలిమి చల్లారుట యనగా ఏమో వేరొకరు బోధింప నక్కరలేదు.

ఆ 2014వ సంవత్సరమే నవంబరులో, ఈ దేశపు ప్రతినిధుల సభకు స్పీకరుగా నుండిన బ్రోన్విన్ బిషప్, పాయకు ఈవలి క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో తన పార్టీ నిధుల సేకరణకై జరిగిన కార్యక్రమమునకు మెల్‌బోర్ను నుండి హెలికాప్టరులో వచ్చి, ఆ ఖర్చు 5,227 డాలర్లను ప్రభుత్వ ఖాతాలో వ్రాయించిరి. కారులో గంట, గంటన్నర ప్రయాణము. నేను దినదినము ఎక్కు రైలులోను రమారమి అంతియే.

ఆ సంగతి 2015 జూలైలో పత్రికలకెక్కిన ఉదయమున నేను ఆ రైలులోనే యుంటిని. నా యెదుట కూర్చున్న ఒక వృద్ధ కార్మికుడు పత్రికను మడచి ప్రక్కన పెట్టి, చాలసేపు కిటికీలోనుండి చూచి, పిదప జేబులోనుండి ఆ వారపు రైలు ఛార్జీ రసీదును తీసి, దానిపై నున్న మొత్తమును ఒకమారు చదువుకొని, మరల జేబులో పెట్టుకొనెను. ఆయన ఏమియు అనలేదు. కాని ప్రజల విశ్వాసము ఎచట, ఎట్లు తెగునో నేను కన్నులార చూచినది అప్పుడే.

వేలకోట్ల వంతెన యొక్క ధరను గాని, యుద్ధనౌక వెలను గాని సామాన్యుడు తూచలేడు. వానికి సరియగు తూనికరాయి అతని యింట లేదు. ప్రయాణపు ఖర్చు అట్టిది కాదు. అతడు బస్సెక్కినవాడు, టిక్కెట్టు కొన్నవాడు, చిల్లరకై కండక్టరును అడిగి నిలుచున్నవాడు. ప్రభుత్వపు ఖర్చులన్నింటిలో అతడు తన అరచేతితో తూచి చూడగల ఖర్చు ఇదియొక్కటే. అందువలననే అది మొత్తములో ఎంత చిన్నదైనను, అతనికి తెలియని పెద్ద లెక్కలన్నింటికి అదియే మచ్చుతునక యగుచున్నది. మెతుకు పట్టి చూచి అన్నము ఉడికినదో లేదో చెప్పు గృహిణి పద్ధతిలోనే ప్రజలును ఒక్క టిక్కెట్టును పట్టి చూచి పాలన యంతటిని నిర్ణయింతురు. ఆ నిర్ణయము అన్యాయమని నాయకులు నొచ్చుకొనిన లాభము లేదు. ప్రజలకు చూపబడిన మెతుకు అదియే.

బిషప్ తొలుత అది నిబంధనలకు లోబడియే యున్నదని సమర్థించుకొనిరి. పిదప ఆ మొత్తమును, 1,307 డాలర్ల జరిమానాతో కూడ, తిరిగి చెల్లించిరి. కొన్ని దినములకు క్షమాపణ కోరిరి. అయినను ప్రజాగ్రహము చల్లారకపోవుటచే ఆగస్టు 2న స్పీకరు పదవిని విడిచిరి. 2017 జనవరిలో ఆరోగ్యమంత్రి సుసాన్ లీ సైతము ప్రయాణపు ఖర్చుల కారణముననే రాజీనామా చేసిరి. ఆ యేడే పార్లమెంటు సభ్యుల ఖర్చులను పరిశీలించుటకు స్వతంత్రమైన ఒక సంస్థను చట్టముచే నెలకొల్పి, మూడు నెలలకొకమారు ఎవరు ఎచటికి పోయిరి, ఎంత వ్యయమైనది అను వివరములను ప్రజల ముందుంచు ఏర్పాటు చేసిరి. అంతకుముందు ఆ సదుపాయములను "హక్కులు" అని వ్యవహరించెడివారు. కొత్త చట్టము ఆ భావమును తొలగించి, ఖర్చు చేసినవాడే ఆ ప్రయాణము ప్రధానముగ ప్రజాకార్యమునకేనని, పెట్టిన డబ్బునకు తగిన ప్రయోజనము కలిగినదని చూపవలెనని విధించినది. బ్రిటనులోను 2009లో ఎంపీల ఖర్చుల లెక్కలు పత్రికలలో వెలువడి, స్పీకరు మైకేల్ మార్టిన్ పదవి వీడిన పిదపనే అట్టి స్వతంత్రసంస్థ పుట్టినది.

దీనితో లోభము నశించినదని నేను చెప్పను. 2025 డిసెంబరులో అనికా వెల్స్ అను మంత్రి ప్రయాణముల ఖర్చుపై మరల పెద్ద దుమారము లేచినది. అయితే ఈసారి ఆమె తన లెక్కలను తానే ఆ సంస్థ పరిశీలనకు పంపుకొనిరి. చట్టము మనుష్యుని మంచివానిగా చేయలేదు. కాని సందేహము కలిగినపుడు తట్టుటకొక తలుపును కట్టియుంచగలదు. ఈ దేశము నాకు నేర్పిన పాఠములలో దీనిని నేను మిక్కిలి విలువైనదిగా భావింతును.

మన దేశమున పార్లమెంటు సభ్యులకు 1954 నాటి చట్టము క్రింద ఏడాదికి 34 విమాన ప్రయాణములు, రైలులో మొదటి తరగతి ఏసీ పాసు, దినభత్యము మొదలగునవి కలవు. ఇన్ని యుండియు, చేయని ప్రయాణమునకు టిక్కెట్టు పుట్టించుట జరిగినది. నకిలీ టిక్కెట్లు, బోర్డింగు పాసులు సమర్పించి 23.71 లక్షల రూపాయలు పొందజూచెనని రాజ్యసభ సభ్యుడగు అనిల్ కుమార్ సహానీపై సీబీఐ 2013లో కేసు పెట్టగా, 2022లో ఢిల్లీలోని విచారణ న్యాయస్థానము ఆయనకు మూడేండ్ల శిక్ష విధించినది. దానితో అప్పటికి ఆయనకున్న బీహారు శాసనసభ్యత్వము కూడ పోయినది. ఆ వార్తను జీలాంగులో చదివిన రాత్రి, మెతుకులతో అంటించిన ఆ చిన్న టిక్కెట్లు నా కన్నుల యెదుట మెదలినవి.

మన జాతికి ఆదర్శములు లేకపోలేదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు సైకిలుపై పార్లమెంటునకు పోయిన సంగతి తెలుగునాట పిల్లలకు కథవలె చెప్పుకొనుచున్నాము. ఇల్లెందు నుండి ఐదు పర్యాయములు శాసనసభకెన్నికైన గుమ్మడి నర్సయ్యగారిని బస్సులో, సైకిలుపై చూచినవారు నేటికిని కలరు. వారిని తలచుకొని చేతులు జోడించుట మన ధర్మము. అయితే చేతులు జోడించుటతోనే మనము తృప్తిపడితిమేమో యని నా భయము. సుందరయ్యగారి సైకిలు ఆయనతో పోయినది. నాన్నగారి ఖాళీ గడి ఆయన మనస్సాక్షిపై నిలిచినదే గాని ఏ నిబంధనపైనను నిలిచినది కాదు. కోటిమందిలో ఒకడు అట్లుండునని నమ్మి ఖజానా తాళములను అప్పగించుట విశ్వాసము కాదు, అజాగ్రత్త.

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన జీవోలను ఎప్పటికప్పుడు వెబ్‌సైటులో ప్రజలందరికి అందుబాటులో నుంచు పద్ధతిని నిలిపివేసినది. ప్రభుత్వము మారిన పిదప 2024 ఆగస్టులో ఆ వెబ్‌సైటు తిరిగి తెరువబడినది. ఏ పార్టీ మూసినది, ఏ పార్టీ తెరచినది అనునది ఇచట నా ప్రశ్న కాదు. ఏ అతిథిగృహమునకు ఏ సామగ్రి కొనిరి, ఏ విమానమునకు ఎంత అద్దె చెల్లించిరి అని ఊరివాడు చదువుకొనగల ఆ కాగితములు మూడేండ్లు చీకటిలో నుండగలిగినవనిన, పాలకుని యిష్టముపై తెరచుకొను తలుపు రేపు మరొక పాలకుని యిష్టముపై మూసుకొనును గదా యను దిగులే నా దిగులు.

మా సింహాచలము కొండపై నున్న తలుపు అట్టిది కాదు. క్రిందటి ఏడు ఊరికి పోయినపుడు మెట్లదారిని ఎక్కి, కప్పస్తంభమును కౌగిలించుకొని, బయటకు వచ్చి శాసనములున్న రాళ్ల చెంత చాలసేపు నిలుచుంటిని. పదునొకండవ శతాబ్ది చివరి కులోత్తుంగ చోళుని కాలమునాటి శాసనము మొదలుకొని, తూర్పు గాంగుల కాలము మీదుగా, ఎందరి దానముల లెక్కలో ఆ రాళ్లపై నున్నవి. 1516లో కళింగ దండయాత్రలో ఇచటికి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు స్వామికి ముత్యాలహారము సమర్పించెను. శాసనము "ముత్యాలహారము" అని యూరకుండలేదు; అందు 991 ముత్యములు కలవని చెప్పినది. వేయికి తొమ్మిది తక్కువ. వేయి అని వ్రాసికొనిన చక్రవర్తిని కాదను మొనగాడు ఆ దినమున ఎవడును లేడు. అయినను చెక్కువాడు లెక్కపెట్టి చెక్కినాడు, చక్రవర్తి చెక్కనిచ్చినాడు. అది కోట లోపలి దస్త్రములో గాక, కొండ యెక్కి వచ్చిన ప్రతి రైతు నిలిచి చూడగల రాతిపై చెక్కబడినది. ఆ సిరి దండయాత్రలలో వచ్చినదే కావచ్చును, పన్నుగా వసూలైనదే కావచ్చును. ఆ కాలమును నేను స్వర్ణయుగమని పొగడుట లేదు. ఇచ్చినది ఎంతో అందరికి తెలియునట్లు చెప్పవలెనను ఆ మర్యాదను మాత్రము నేను ప్రేమించుచున్నాను. ఐదువందల ఏండ్లు గడచినను ఆ లెక్కను మార్చి వ్రాయుట ఎవరి తరము కాలేదు.

ఆ కొండపైననే 2025 ఏప్రిల్ 30న, చందనోత్సవపు తెల్లవారుజామున, కొత్తగా కట్టిన గోడ క్యూలో నిలుచున్న భక్తులపై కూలి ఏడుగురు మరణించిరి. విచారణ జరిగినది, అధికారులు సస్పెండైరి. బస్సు ఛార్జీ నాలుగు రూపాయలకును ఆ గోడకును సంబంధమేమని అడుగువారుందురు. చిన్న బిల్లును అడుగుట అలవాటైన ఊరిలోనే పెద్ద గోడను గూర్చి, అది కూలకముందే, ఎవడో ఒకడు అడుగును. అడుగుట మరచిన ఊరు గోడ కూలిన పిదపనే మేల్కొనును.

మనకు కొత్త శాస్త్రమేదియు అక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టములోని 4వ సెక్షను, ఎవరును అడుగకముందే లెక్కలను ప్రజల ముందుంచుమని చెప్పుచున్నది. మంత్రుల, ఉన్నతాధికారుల పర్యటనలలో పోయిన చోట్లు, కాలము, వెంట పోయినవారి సంఖ్య, మొత్తము వ్యయము ప్రకటింపవలెనని కేంద్రము 2013లోనే మార్గదర్శక సూత్రములు వెలువరించినది. దానిని మన రాష్ట్రములలో ప్రతి మంత్రికి, ప్రతి శాసనసభ్యునికి విధిగా చేసి, తెలుగులో, ఊరి సచివాలయపు గోడపై చదువుకొనునట్లు పెట్టవలెను. ప్రభుత్వము మారినను మాయని రీతిలో, శాసనసభ చేసిన చట్టముగా, ఆ పద్ధతి నిలువవలెను. పూర్వము రాతిపై చెక్కినది నేడు చట్టముపై చెక్కవలెను.

కొండ దిగి వచ్చిన ఆ సాయంకాలము, అమ్మ అటకపై నుండి దింపించిన రేకుపెట్టెలో నాన్నగారి బిల్లుల కార్బను ప్రతులు కనబడినవి. కాగితములు పసుపువారినవి, నీలిరంగు అక్షరములు పలచబడినవి. ఒక్కొక్కటే త్రిప్పుచు పోగా పాడేరు క్యాంపు బిల్లు దొరకినది. బయలుదేరిన వేళ కలదు, చేరిన వేళ కలదు. "చోడవరము వరకు జీపు" అని గుండ్రని అక్షరములతో కలదు. దాని యెదుట ఛార్జీ గడిలో ఏమియు లేదు. నలువది ఏండ్ల పిదప, ఆయన లేని యింటిలో, ఆ ఖాళీని నేను స్పష్టముగా చదువగలిగితిని.