తొలి పంక్తికి పైన

వార్షిక సంచికలలో విహారయాత్రలకు, వీడ్కోలు సభలకు చోటు దొరకడం వాడుక. మేము మాత్రం మా పొరపాటు నొకదానిని చదువరులకు మనవి చేయదలచాము. అది మేము ఈ కళాశాలలో చదువుకొంటున్న 2008 నాటి ముచ్చట.

ఆ యేడు సంచికకు ఒక వెబ్ పేజీ కూడ ఉండాలని కళాశాల సంఘం వారు తలచి, ఆ పనిని మా నలుగురికి అప్పగించారు. మాలో ఇద్దరు తెలుగు విభాగం వారు, ఇద్దరు ఉర్దూ విభాగం వారు. పేజీ వెడల్పు 800 పిక్సెళ్ళు. ఎడమన తెలుగుకు 400, కుడిన ఉర్దూకు 400. అక్షరాలు అంచులకు తగలకుండా ఒక్కొక్క వరుసలో రెండు ప్రక్కలా పదేసి పిక్సెళ్ళ ఖాళీ విడిచాము. ప్రయోగశాలలోని కంప్యూటర్లన్నిటిలోనూ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఉండేది. అందులో పేజీ చక్కగా కుదిరింది. నస్తాలీఖ్ ఫాంటు లేక ఉర్దూ నస్ఖ్‌లో కనిపించడమొక్కటే మా ఉర్దూ మిత్రులకు వెలితి.

మరునాడు సంఘ సభ్యులలో ఒక పెద్దాయన మమ్మల్ని పిలిపించారు. "ఏం మియా, ఉర్దూను తెలుగు కాళ్ళ దగ్గర కూర్చోబెట్టారా?" అన్నారు. ఆయన ఇంట్లో ఫైర్‌ఫాక్స్‌లో పేజీ తెరిచారట. తెలుగు వరుస పూర్తిగా అయిపోయిన తరువాత, ఎక్కడో అడుగున, ఉర్దూ కనిపించిందట. మా ఉర్దూ మిత్రులిద్దరూ మారు పలుకలేదు. ఆ మౌనమే మమ్మల్ని ఎక్కువగా బాధించింది.

తప్పు ఫైర్‌ఫాక్స్‌దేనని మేము నిశ్చయించుకొన్నాము. "ఈ పేజీని ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే చూడగలరు" అని ఒక వాక్యం చేర్చుదామని కూడ అనుకొన్నాము. మాలో ఒకరు ఒప్పుకోలేదు. ప్రయోగశాలలో ఒక యంత్రంలో ఫైర్‌ఫాక్స్ ఎక్కించి, పేజీని కొంచెం కొంచెంగా తీసివేస్తూ చూశాము. బొమ్మలు తీసినా దోషం పోలేదు. చివరకు ఉర్దూ వ్యాసాలన్నీ తీసివేసినా, ఖాళీ పెట్టె అడుగుననే నిలిచింది. అప్పుడు పెట్టెలకు రంగు పూసి కొలిచాము. ఎక్స్‌ప్లోరర్‌లో ఒక్కొక్కటి 400, ఫైర్‌ఫాక్స్‌లో 420! రెండు కలిసి 840; 800లో పట్టక రెండవది క్రిందికి జారింది.

1996లో వెలువడిన సి.ఎస్.ఎస్. నియమం ప్రకారం వెడల్పు అంటే లోపలి అక్షరాల చోటు మాత్రమే; ప్రక్కల ఖాళీ అదనం. అనగా ఫైర్‌ఫాక్స్ లెక్కే సరియైనది. మాకు అందంగా కనిపించిన పేజీయే తప్పు పేజీ! ఎక్స్‌ప్లోరర్ 6కు ఈ నియమం తెలియకపోలేదు. అయితే డాక్‌టైప్ ప్రకటన తొలి పంక్తిలోనే కనిపించాలి. లేకపోతే అది పాతకాలపు పేజీ అనుకొని, ఖాళీని కూడ 400లోనే కలిపి పాత లెక్క వేస్తుంది.

మా పేజీలో ఆ ప్రకటన ఉన్నది. కాని దానికి పైన, చదువరికి కనబడని వ్యాఖ్యలో, పరీక్ష కాగితం మీద వ్రాసే అలవాటు కొద్దీ ఒకరు "శ్రీ" అనీ, మరొకరు "786" అనీ పెట్టి ఉన్నారు. ఫైర్‌ఫాక్స్ దానిని దాటి పోయింది. ఎక్స్‌ప్లోరర్ అక్కడే దారి తప్పింది.

రెండింటినీ అలాగే ఒక పంక్తి క్రిందికి దించాము. వెంటనే ఎక్స్‌ప్లోరర్‌లో కూడ ఉర్దూ అడుగుకు జారింది. చెడిన పేజీని చూసి అంత సంతోషించడం మాకు అదే మొదటిసారి. ఇక 400ను 380 చేయడమే తరువాయి. రెండు బ్రౌజర్లలోనూ రెండు భాషలూ ప్రక్కప్రక్కన కూర్చున్నాయి. (ఆ పాత లెక్కే సుఖమని తరువాతి కాలంలో చాలామంది రూపకర్తలు బాక్స్-సైజింగ్ అనే ఆజ్ఞతో దానిని కోరి తెచ్చుకొన్నారు. 2022లో ఎక్స్‌ప్లోరర్‌కు విశ్రాంతి నిచ్చినా లెక్క మాత్రం బ్రతికే ఉన్నది.)

ఆ సాయంత్రమే నలుగురం పెద్దాయన ఇంటికి వెళ్ళి, ఆయన కంప్యూటర్‌లోనే పేజీ తెరిచి చూపించాము. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని ఉర్దూ వరుసను మొదటి నుండి చివరిదాకా నెమ్మదిగా చదివి, రెండు అక్షర దోషాలు పట్టుకొన్నారు. వాటిని ఏ బ్రౌజరు మీదికీ నెట్టడానికి వీలులేకపోయింది.