కొచ్చిలో మితవ్యయముతో బస

ఇల్లు విడిచి నాలుగు దినములు పరస్థలమున గడపి రావలెనను కోరిక మన గృహిణులలో ననేకులకు గలదు. అది తీరకపోవుటకు ధనము చాలకపోవుటయే కారణమని సాధారణముగా చెప్పుదురు. మేము చూచినంతలో, ధనము చాలకపోవుటకంటె లెక్క కుదరకపోవుటయే పెద్ద యాటంకముగా నున్నది. రైలు ఛార్జీ యెంతయో ముందే తెలియును. తెలియనిది బస ఖర్చు. రైలు దిగిన తరువాత, సామాను చేత బట్టుకొని, పిల్లలు నిద్రకు తూగుచుండగా వెదకుకొన్న గదికి వారడిగినంతయు నియ్యవలసినదే.

దీనికి భయపడి కొందఱు వేఱొక మార్గము త్రొక్కుదురు. అద్దె తక్కువని యొక గది కుదుర్చుకొని, బియ్యము, పప్పు, కరెంటు పొయ్యి మోసికొనిపోయి, అక్కడనే వండుకొందురు. డబ్బు మిగులును, నిజమే. కాని పురుషులకును పిల్లలకును అది యాత్ర. ఇల్లాలికి మాత్రము వంటయిల్లు మారినది, అంతియే. ఉదయము కాఫీ, మధ్యాహ్నము వంట, సాయంకాలము బట్టలు; సముద్రమును చూచుటకు మిగిలిన సమయమెంత? అందుచేత మేము బసకు లెక్క వ్రాయునప్పుడు ఇల్లాలి విశ్రాంతిని గూడ నొక పద్దుగా వ్రాసికొందుము. ఆ పద్దు సున్న యైనచో, ఆ బస యెంత చౌకయైనను మాకు ప్రియమైనదే.

ఈ లెక్క యెట్లు వేయవలెనో చూపుటకు కేరళములోని కొచ్చి పట్టణమును దీసికొందము. ఉష్ణదేశపు రేవుపట్టణములలో సామాన్య కుటుంబమునకు అందుబాటులో నున్నవానిలో నిది యొకటి. మన ప్రాంతమునుండి నేరుగా రైళ్లున్నవి. సికింద్రాబాదునుండి గుంటూరుమీదుగా తిరువనంతపురము పోవు శబరి ఎక్స్‌ప్రెస్ ఎర్ణాకుళములో నాగును. కోస్తా జిల్లాలవారికి విజయవాడమీదుగా ఆలప్పుళ పోవు ధన్‌బాదు బండి గలదు.

కొచ్చి యన్నది నిజమునకు నీటిచే విడదీయబడిన యూళ్ల సముదాయము. రైలు దిగు ఎర్ణాకుళము అంగళ్లు, కచేరీలు గల క్రొత్త పట్టణము. కాయలు, అనగా ఉప్పునీటి సరస్సు, దాటి యావలి యొడ్డునకు బోయిన ఫోర్టు కొచ్చి, మట్టాంచేరి యను పాత పేటలు వచ్చును. చూడవలసినవి చాలవఱకు అక్కడనే యున్నవి.

మొదట కాలము నిర్ణయింపవలెను. అద్దె తగ్గించుటకు కాలమును మించిన సాధనము లేదు. డిసెంబరు, జనవరి నెలలు కొచ్చికి రద్దీ కాలము. డిసెంబరు చివర కార్నివాలు ఉత్సవము జరుగును. 2012లో మొదలైన చిత్రకళాప్రదర్శనము, బియెన్నాలే యనునది, జరుగు సంవత్సరములలో డిసెంబరునుండియే జనము వత్తురు. అప్పుడు గదుల వెలలు విపరీతముగా పెరుగును. మన సంక్రాంతి సెలవులు సరిగా నీ రోజులలోనే పడును. జూను మొదటివారమునకు నైరృతి ఋతుపవనము కేరళమును దాకును. జూను, జూలై నెలలలో గదులు చౌకయే కాని, వాన వదలక కురియుటచే పిల్లలతో గదిలో గూర్చుండవలసివచ్చును. మా యభిప్రాయమున దసరా సెలవులు మేలు. అప్పటికి పెద్దవానలు వెనుకబట్టును. ఈశాన్యపు వానలు మధ్యాహ్నము తరువాత ఉఱుములతో వచ్చి పోవుచుండును గనుక, ఉదయము తిరిగి, మధ్యాహ్నము విశ్రమించి, వాన వెలిసిన తరువాత మరల బయలుదేఱవచ్చును. ఫిబ్రవరియు మంచిదే, బడికి పోవు పిల్లలు లేనివారికి.

తరువాత స్థలము. ఎర్ణాకుళములో రైలు స్టేషను చెంత లాడ్జీలు చౌక. ఫోర్టు కొచ్చిలో గది కొంచె మెక్కువ. అనేకు లీ యొక్క మాటతోనే ఎర్ణాకుళములో దిగిపోవుదురు. ఇచ్చట కొంచెము నిలిచి కూడిక వేయవలెను. ఎర్ణాకుళము గది దినమునకు 300 రూపాయలు తక్కువ యనుకొందము. మూడు దినములకు 900 మిగులును. 2023లో ప్రారంభమైన వాటర్ మెట్రో బోటులలో హైకోర్టు జెట్టీనుండి ఫోర్టు కొచ్చికి మనిషికి 40 రూపాయలు. టిక్కెట్టు కొనువారు నలుగురైన, పోను రాను 320. మూడు దినములు పోయివచ్చిన 960. అక్కడనే బసచేసినవారికి ఈ ప్రయాణ మొక్కమాఱే, 320. అనగా మిగిలిన 900లో 640 నీటిపాలు. చేత నిలుచునది 260. ప్రభుత్వ జలరవాణాశాఖవారి పాత బోటులలో టిక్కెట్టు మఱింత చౌక గనుక, వానిలో పోవువారికి ఇంకను కొంత నిలుచును. కాని మధ్యాహ్నపు టెండలో, ఆ యుక్కలో, అలసిన పిల్లలను పండుకొనబెట్టుటకు గది యావలి యొడ్డున నుండును. ఆ 260 రూపాయలకు ఇల్లాలి విశ్రాంతిని విక్రయించుట మాకు లాభముగా దోచదు. రెండు రాత్రులకు మించి యుండువారు ఫోర్టు కొచ్చిలోనే యుండుట మేలు. తెల్లవారుజామున రైలెక్కవలసినచో కడపటి రాత్రి మాత్రము ఎర్ణాకుళమునకు మారవచ్చును.

ఇక నెట్టి యిల్లు? ఫోర్టు కొచ్చిలో హోటళ్లతోపాటు హోమ్‌స్టేలు చాల గలవు. ఇంటివారు తామున్న యింటిలోనే కొన్ని గదులు అతిథులకిత్తురు. కేరళ పర్యాటకశాఖ వీనిని తనిఖీచేసి డైమండు, గోల్డు, సిల్వరు అని తరగతులు నిర్ణయించును; సిల్వరు తరగతి మనకు చాలును. ఇంటిలో నొక గృహిణి యుండుట స్త్రీలకు గొప్ప ధైర్యము. పసిబిడ్డకు పాలు కాచవలెనన్నను, రాత్రివేళ మందుల దుకాణ మెక్కడనన్నను, అడుగుటకు సంకోచముండదు. తల్లియు కూతురును, అక్కయు చెల్లెలును పురుషుల తోడు లేకుండ పోవునప్పుడు మేము హోమ్‌స్టేనే సిఫారసు చేయుదుము. అయినను ముందుగా ఫోనుచేసి, సాధ్యమైన ఇంటి యామెతోనే మాటలాడవలెను. మాట యొక్క తీరే సగము సంగతి చెప్పును.

ఆ ఫోనులో అడుగవలసిన ప్రశ్నలు కొన్ని గలవు. చెప్పిన వెలలో పన్ను చేరినదా? 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి దినమునకు 7,500 రూపాయలలోపు గదులకు జి.ఎస్.టి. నూటికి 5 వంతులు. రిజిస్టరు కాని చిన్న యిండ్లవారు దానిని వసూలు చేయరాదు. ఉదయపు ఫలహారము చేరినదా? పిల్లలకు వేఱు పఱుపు కావలసిన నెంత? ఏ గంటకు గది యిత్తురు, ఏ గంటకు విడువవలెను? బండి వేళ కుదరనిచో సామాను ఉంచుకొందురా? ప్రయాణము ఆగిపోయిన బయానా తిరిగి యిత్తురా? బుకింగు కంపెనీలద్వారా గాక నేరుగా అడిగినవారికి, కమీషను మిగులును గనుక, వెల తగ్గించువారును గలరు. ఒప్పుకొన్న మాటలన్నియు ఫోను సందేశరూపమున వ్రాయించుకొనవలెను. పెద్దవారందఱి గుర్తింపుకార్డులును వెంట నుండవలెను.

గదిని గూర్చియు నొక మాట. సముద్రతీరపు టుష్ణదేశములో గది యందము మంచముమీది దుప్పటిలో లేదు, గాలిలో నున్నది. కొచ్చిలో దోమలు మెండు. కిటికీలకు వల యున్నదా యని తప్పక యడుగవలెను. రెండువైపుల కిటికీలుండి, పైన మఱియొక యంతస్తు గల గదియైన ఫ్యానుతో సుఖముగా నిద్రపట్టును, ఏ.సి.కి పెట్టు సొమ్ము మిగులును. ఎండ నేరుగా సోకు పై కప్పు క్రింది గది యెంత చౌకయైనను వలదు. గాలిలో తేమ యెక్కువ గనుక బట్టలు త్వరగా నాఱవు. దండెమునకు తావున్నదా యని యడిగి, పలుచని నూలుబట్టలు, అదనముగా నొక జత తీసికొనిపోవుట మేలు. గదిలోనికి బోగానే తలుపు గడియ, స్నానపుగది గడియ, కుళాయి స్వయముగా చూచుకొనవలెను. సామాను విప్పిన తరువాత గది మార్పించుట కష్టము.

భోజనమునకు భయపడనక్కఱలేదు. ఉదయము హోమ్‌స్టేలో పుట్టు, శనగల కూర, అప్పము పెట్టుదురు. అక్కడి మట్ట బియ్యము లావుగాను, ఎఱ్ఱగాను ఉండును. కూరలలో కొబ్బరినూనె వాసన యుండును. పిల్లలకు మొదటిపూట నచ్చకపోవచ్చును గనుక మన ఆవకాయ చిన్న సీసాలో వెంట నుండుట మంచిది. శాకాహారులు చేపల వంటలు లేని హోటలేదో ఇంటివారినే అడిగి తెలిసికొనవలెను. త్రాగుటకు కాచిననీరే కోరవలెను. పతిముగమను చెక్క వేసి కాచిన నీరు లేత గులాబిరంగున నుండును. అది చెడిన నీరని వెఱవవలదు. ఎర్ణాకుళము నార్తు స్టేషనుదగ్గఱ నగర కార్పొరేషనువారు 2021లో పది రూపాయల భోజనముతో నొక వంటశాల నెలకొల్పి, దాని పనిని కుటుంబశ్రీ స్త్రీల చేతిలో బెట్టిరి. స్త్రీలు సంఘముగా గూడి యొక పట్టణమునకు వండిపెట్టుట మన సోదరీమణులు తెలిసికొనదగిన సంగతి.

చూచుటకు డబ్బు చాల నక్కఱలేదు. ఒడ్డున వరుసగా నిలిచిన చీనా వలలను చూచుటకు రుసుమే లేదు. పెద్ద దూలములకు గట్టిన ఆ వలలను రాళ్ల బరువు సాయమున నలుగురైదుగురు మనుష్యులు నీటిలోనికి దింపి లేపుచుందురు. దగ్గఱనే సెయింటు ఫ్రాన్సిసు చర్చి; 1524లో కొచ్చిలో మరణించిన వాస్కో డ గామాను మొదట నిచ్చటనే పాతిపెట్టిరి, తరువాత 1539లో శల్యములను పోర్చుగలుకు గొనిపోయిరి. మట్టాంచేరిలో డచ్చి ప్యాలెసు గలదు. పేరు డచ్చివారిదేకాని, 1555 ప్రాంతమున కట్టించి కొచ్చిరాజున కిచ్చినవారు పోర్చుగీసువారు. డచ్చివారు తరువాత బాగుచేసిరి. రాజు శయనాగారపు గోడలమీద రామాయణకథ నిండుగా చిత్రింపబడియున్నది. పిల్లలకు కథ చెప్పుచు చూపవచ్చును. ప్రక్కనే 1568నాటి యూదుల ప్రార్థనామందిరము. చీనానుండి తెప్పించిన పలకలు దాని నేలమీద పఱచియున్నవి. అయితే ప్యాలెసు శుక్రవారము మూయుదురు, ప్రార్థనామందిరము శనివారము మూయుదురు. ఇది తెలియక ఆ దినములలో పోయినవారు తలుపులు చూచి తిరిగివత్తురు. వారమును గూడ లెక్కలో చేర్చుట యిందులకే.

ఇప్పుడు మొత్తము లెక్క. నలుగురికి మూడు రాత్రులని యనుకొందము. పన్ను, ఫలహారము చేరిన గది దినమునకు 1,600 చొప్పున 4,800. అదనపు పఱుపు 300 చొప్పున 900. రెండుపూటల భోజనము మనిషికి పూటకు 120 చొప్పున 2,880. బోటు 320, ఆటోలు, టిక్కెట్లు 500. ఇవి చేరి 9,400. దీనిపై పదవవంతు, 940, ముట్టరాని సొమ్ముగా నుంచిన 10,340. ఈ యంకెలు మచ్చునకు మాత్రమే. మీరు ఫోనులో తెలిసికొన్న వెలలను వీని స్థానమున వ్రాసికొనుడు. ప్రయాణమునకు ఆఱునెలలముందు మొదలుపెట్టినచో నెలకు సుమారు 1,725 రూపాయలు దాచిన చాలును. ఇంటిఖర్చులో నింత మొత్తము ఒక్కమాఱు తీయుట కష్టముగాని, నెలనెల తీయుట సాధ్యమే.

ఈ లెక్కలో వంటసామాను లేదు, ఏ.సి. లేదు, గృహిణికి పూట పూటకు వండిన భోజనమును, మధ్యాహ్నము రెండు గంటల నిద్రయు నున్నవి. తగ్గింపవలసివచ్చినచో నొక రాత్రిని తగ్గించుకొనుడు, బజారులో కొనదలచిన మిరియములు, ఏలకులు సగము చేసికొనుడు. ఆమె విశ్రాంతిని మాత్రము తగ్గింపవలదని మా మనవి. సంవత్సరమున మున్నూట అఱువది దినములు ఇంటిల్లిపాదికి వండిపెట్టినామెకు నాలుగు దినములు ఒకరు వడ్డింపగా గూర్చుండి తినుట విలాసము కాదు. ఆమెకు రావలసిన సెలవు అది.