పాత కారు, కొత్త రూపు

విజయవాడ నగరమునకు తూర్పున, బందరు రోడ్డు చెంత, జవహర్ ఆటోనగర్ అను పారిశ్రామికవాడ కలదు. 1960ల దశకమున వెలసిన ఈ వాడలో ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు సుత్తెల చప్పుడు వినబడుచుండును. లారీలకు, బస్సులకు మరమ్మతులు చేయువారును, వానికి బాడీలు కట్టువారును వేల సంఖ్యలో ఇచ్చట పని చేయుచున్నారు.

వెనుకటి దినములలో లారీ కర్మాగారమునుండి పూర్తి రూపముతో వచ్చెడిది కాదు. ఇంజను, చట్రము, చక్రములు మాత్రమే ఉన్న బండిపై ఒక పెట్టె వేసికొని కూర్చుండి, తలకు తుండుగుడ్డ చుట్టుకొని, డ్రైవరు దానిని వందల మైళ్లు నడుపుకొని వచ్చెడివాడు. దానికి వడ్రంగి చెక్క అమర్చును. కమ్మరి ఇనుప బద్దలు వంచును. టింకరు రేకును కొట్టి ఒంపు తీయును. పెయింటరు రంగులు వేసి, యజమాని కోరిన దేవుని పేరు ముందు వ్రాయును. ధాన్యపు బస్తాలు మోయు బండి తొట్టి ఒక తీరు. కొల్లేటి చేపలను మంచులో పెట్టి మోయు బండి తొట్టి మరియొక తీరు. ఇచ్చట మార్పు బండికి చెరుపు కాదు. ఆ మార్పుతోనే బండికి బ్రతుకుతెరువు ఏర్పడును.

అయితే ఇట్టి నేర్పరుల చేతికి ఒక పాత కారు వచ్చినచో ఏమి చేయవలెను? దానికి కొత్త రూపు నీయవలెనా? పుట్టిన రూపముననే నిలుపవలెనా? ఈ ప్రశ్నపై పాత కార్ల ప్రియులలో లోకమంతట రెండు పక్షములు కలవు.

అంబాసిడర్ కారును ఉదాహరణముగా తీసికొనవచ్చును. హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలుపెట్టి 2014 వరకు దీనిని తయారుచేసిరి. కృష్ణా డెల్టా పల్లెలలో పెండ్లికుమారుడు దిగినది ఈ కారునుండియే. అర్ధరాత్రివేళ రోగిని బెజవాడ ఆసుపత్రికి చేర్చినదియు ఈ కారే. నేడు అది రోడ్లపై అరుదైనది. కొన్ని ఏ దొడ్డిలోనో చింతచెట్టు క్రింద తుప్పు పట్టుచున్నవి.

మొదటి పక్షమువారు ఇట్లందురు: “కారు నడచుటకు పుట్టినది. దాని పాత విడిభాగములు దొరకుట కష్టము. కదలక పడియున్న బండిని ఉప్పుగాలి తినివేయును. బలమైన కొత్త ఇంజను అమర్చి, వెడల్పు చక్రములు తొడిగి, మెరుగైన రంగు వేసినచో అది మరల బ్రతుకును. బ్రతికించుట తప్పెట్లగును?”

రెండవ పక్షమువారి మాట వేరు: “పాత కారు ఒక కాలమునకు సాక్షి. ఆనాటి రేకు ఎంత మందము, అతుకు ఎట్లు వేసిరి, ఇంజనుకు గాలిని, పెట్రోలును ఏ విధముగా అందించిరి అను సంగతులు దాని దేహముననే వ్రాయబడియున్నవి. పైకప్పు ఒకమారు కోసినచో ఆ వ్రాత చెరిగిపోవును. తిరిగి వ్రాయువారు లేరు.”

కార్లను మార్చు ముచ్చట అమెరికాలోని కాలిఫోర్నియాలో మిక్కిలి ప్రబలెను. 1930లలో అచ్చటి యువకులు పాత ఫోర్డు కార్లను చవుకగా కొని, మడ్‌గార్డులను ఊడదీసి బరువు తగ్గించి, ఇంజనుకు బలము పెంచి, ఎండిన సరస్సుల చదును నేలపై పందెములు వేసిరి. అట్టి కార్లకు ‘హాట్ రాడ్’ అను పేరు వచ్చెను. ఫోర్డు వారి ‘మోడల్ టి’ కార్లు 1908 మొదలు 1927 వరకు కోటి యాబది లక్షలు తయారయ్యెను గనుక, వానిలో ఒకదానిని కోసినను ఆనాడు ఎవరును నష్టమని తలంపలేదు.

కాలము చేసిన చిత్రము చూడుడు. పెబుల్ బీచ్ అనుచోట 1950 నుండి జరుగుచున్న పాత కార్ల ప్రదర్శన మూలరూపమును కాపాడిన కార్లకు పేరు పొందినది. అట్టి ప్రదర్శనలో 1997లో హాట్ రాడ్లకును ఒక తరగతి ఏర్పరచిరి. ఒకనాడు కోసి మార్చిన కారే నేడు భద్రపరుపదగిన చారిత్రక వస్తువు అయ్యెను!

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు కలదు. దానిని అందరును మూలరూపమునకు మేలైన ఉదాహరణముగా చూతురు. కాని ఆ దినములలో రోల్స్ రాయిస్ వారు ఇంజనును, చట్రమును మాత్రమే అమ్మెడివారు. నిజాము హోదాకు తగిన దేహమును లండనులోని బార్కర్ అను బాడీ పనివారు కట్టిరి. ఆటోనగర్ పనివాడు లారీకి చేయుచు వచ్చినదియు అట్టి పనియే. కావున మూలరూపమనగా కర్మాగారపు ముద్ర మాత్రమే కాదు. ఒకనాటి అవసరమును ఒకనాటి చేతిపనియు కలిసిన గుర్తు.

ఈ వివాదమున తీర్పు చెప్పుటకు మూడు ప్రశ్నలు చాలును. మొదటిది: ఇట్టి బండ్లు ఇంకను ఎన్ని మిగిలినవి? వేలున్నచో ఒకదానిని మార్చుట ఆట. ఒకటియే ఉన్నచో అది వినాశము. రెండవది: చేసిన మార్పును మరల తొలగింపవచ్చునా? బోల్టుతో బిగించినది ఊడదీయవచ్చును. రంపముతో కోసినది అతుకదు. అందుచేత తెలిసిన మెకానిక్కు పని మొదలిడుటకు ముందు ఫొటోలు తీయించును. తీసిన భాగములకు చీటీలు కట్టి దాచును.

మూడవది: మార్చిన బండి రోడ్డుపై క్షేమమా? వేగము రెండింతలైనచో బ్రేకులు అణపవలసిన శక్తి నాలుగింతలగును. పాత బ్రేకులుంచి ఇంజను బలము మాత్రము పెంచువాడు తన ప్రాణముతోపాటు బాటసారి ప్రాణమునుగూడ పణముగా పెట్టుచున్నాడు. అందుకే 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనులో బండిని ఇష్టానుసారము మార్చుటను నిషేధించినది. మూలరూపమును కాపాడువారికై కేంద్ర ప్రభుత్వము 2021లో ప్రత్యేక నియమములు చేసెను. మొదట రిజిస్టరు చేసి యాబదేండ్లు దాటి, పెద్ద మార్పులు లేక నిలిచిన కార్లకును, మోటారు సైకిళ్లకును ‘వి.ఏ.’ అను అక్షరములతో ప్రత్యేక నంబరు ఇత్తురు. అట్టి బండ్లను ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసికొని పోవచ్చును గాని నిత్యప్రయాణములకు గాని, కిరాయికి గాని నడుపరాదు.

అవసరమున్నచోట మార్చుట నేర్పు. అరుదైన దానిని అట్లే నిలుపుట బాధ్యత. అయితే నిలుపుటకును మార్చుటకును కావలసినది ఒకటే విద్య: రేకు మీద ఏ దెబ్బ ఎంత బలముతో వేయవలెనో ఎరిగిన చేయి. ఆ విద్యను తరువాతి తరమువారు నేర్వకున్నచో, కారును మార్చువాడును ఉండడు, కాపాడువాడును ఉండడు. తాత విడిచిన బండి చింతచెట్టు క్రింద కనబడినపుడు, రంపమును గాని, రంగు డబ్బాను గాని పట్టుటకు ముందు దానిని కట్టిన చేతులను ఒకమారు తలచుకొనుట మేలు.