మా అమ్మాయి వేసిన లేబుల్

"మీ అమ్మాయి ఏం చదువుతోందండీ?" అని అడిగిన వాళ్ళకి "డిజైను" అని చెప్తే, "ఓహో, బట్టలు కుట్టడమా!" అంటారు. కాదండీ బాబూ! పుస్తకాలకి బొమ్మలు, కొట్లకి గుర్తులు, డబ్బాల మీద లేబుళ్ళు... ఇంజనీరింగ్ సీటు వదులుకుని దీంట్లో చేరింది కదా, దీంతో నాలుగు రాళ్ళు వస్తాయా అన్నది మావారి బెంగ.

ఈ సెమిస్టర్లో మూడు పనులిచ్చారు. పిల్లల కథకి బొమ్మలు తొందరగానే అయిపోయాయి. రెండోది బొమ్మలతో కథ చెప్పడం. దానికోసం హైదరాబాదు నుంచి చేర్యాల వెళ్ళొచ్చింది. అక్కడి నకాషీ కళాకారులు ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పూసి, ఆరాక ఎర్రటి రంగు మీద బొమ్మలు వేస్తారట. ఆ పటం చుట్ట విప్పుతూ ఊళ్ళల్లో కులపురాణాలు పాడేవారట. మనం పారేసే చింతగింజలకి ఇంత పనుంది చూశారా!

మూడోది మా కింది వాటా పిన్నిగారి పొడులకి లేబుళ్ళు. భర్త పోయాక ఆవిడకి ఆ పొడులే ఆధారం. అన్నీ ఒకే రకం కవర్లు, పైన స్కెచ్ పెన్ను రాత. నూనె చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. అలాగే ఒకసారి బాలింత కారం బదులు నల్లకారం వెళ్ళింది. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ కొనలేదు.

మా అమ్మాయి ముందు లేత గులాబీ రంగు మీద వెంట్రుకంత సన్నటి ఇంగ్లీషు అక్షరాలు వేసింది. మాస్టారు మెచ్చుకున్నారట. నాకు మాత్రం నచ్చలేదు. "కొనేవాళ్ళు అరవై దాటినవాళ్ళే, వంటింట్లో కళ్ళజోడు వెతుక్కుంటారా?" అన్నాను. రెండ్రోజులు మూతి ముడుచుకుంది. తర్వాత తనే వెళ్ళి పిన్నిగారి వంటింట్లో ఒక పూటంతా కూర్చుంది.

ఈసారి కందిపొడికి పసుపు, కరివేపాకు కారానికి ఆకు బొమ్మ, బాలింత కారానికి ఉయ్యాల! పేరు లావుపాటి తెలుగులో. కింద బరువు, తేదీ, ఆహార భద్రత వాళ్ళిచ్చే 14 అంకెల నంబరు, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గడిలో చుక్క. ఇవి ఉండి తీరాలట.

"ఎంతివ్వాలమ్మా?" అన్నారు పిన్నిగారు. "అయ్యో, కాలేజీ పనేనండీ" అనబోతున్న దాన్ని ఆపి, ఐదు వందలని నేనే చెప్పాను. జాకెట్టు కుట్టినా కూలి ఇస్తాం కదండీ! ఆవిడ మూడు వందలు చేతిలో పెట్టి, మిగతాదానికి కందిపొడి చెల్లేస్తానన్నారు. ఇప్పటికి రెండు వందల లేబుళ్ళు వేయించారు. సంక్రాంతికి చాలవేమోనని ఆవిడ బెంగ.